పద్నాలుగు మంది

నాకు తొలి ఉద్యోగమిచ్చిన మా సార్ పెద్దకర్మ ఎస్సార్ నగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో. కూకట్‌పల్లి నుంచి మెట్రోలో వచ్చేవాళ్ళు ఎస్సార్ నగర్ స్టేషన్లో దిగితే సరిపోతుంది. నేను దిగలేదు. తలుపులు మూసుకున్నాయి, రైలు కదిలింది, అమీర్‌పేటలో దిగాను. కావాలనే చేశానో, ఆలోచనలో పడి కూర్చుండిపోయానో చెప్పలేను.

మెట్లు దిగి మైత్రీవనం వైపు నాలుగడుగులు వేశానో లేదో, జెరాక్స్ వాసన తగిలింది. మిషన్లోంచి అప్పుడే బయటికొచ్చిన వేడి కాగితం, నల్ల పొడి, పక్క బండి మీద నూనెలో మిరపకాయ బజ్జీ. మూడూ కలిసిన ఆ వాసన నా ముక్కుకి ఇంకెక్కడా తగల్లేదు. రోడ్డు పక్కన నిలబడిపోయాను. వెనకనుంచి వచ్చినవాడు "జరగండి మేడం" అని విసుక్కున్నాడు.

అప్పట్లో ఇక్కడ మెట్రో స్తంభాలు లేవు. తలెత్తితే ఆకాశం బదులు కంప్యూటర్ కోర్సుల బ్యానర్లు కనిపించేవి. ఒరాకిల్, జావా, శాప్, టెస్టింగ్ టూల్స్. కిటికీలు కూడా కనబడకుండా కట్టేవాళ్ళు. సత్యం థియేటర్ దగ్గర బస్సు దిగి మైత్రీవనం చేరేలోపు చేతిలో పది కరపత్రాలు పడేవి. "రేపు పొద్దున ఏడింటికి డెమో క్లాసు, ఫ్రీ." డెమో క్లాసులతోనే నెలంతా గడిపేసి, పైసా కట్టకుండా సగం కోర్సు నేర్చుకున్న మహానుభావులు మా హాస్టల్లోనే ఇద్దరుండేవాళ్ళు.

నేను బల్కంపేటలో లేడీస్ హాస్టల్లో ఉండేదాన్ని. గదికి ఆరుగురం. నాన్న ఆ ఏడు ధాన్యం అమ్మిన డబ్బులోంచి మూడు వేలు మనియార్డరు పంపితే, రెండు వాయిదాల్లో ఫీజు కట్టాను. క్లాసులో రెండొందల మంది. వెనక బెంచీలో కూర్చుంటే పాఠం చెప్పేవాళ్ళ మొహం కనబడదు, మైకులో గొంతే. ప్రాక్టికల్స్‌కి ఒక్కో కంప్యూటర్ ముందు ఇద్దరం. కోర్సు మెటీరియల్ అంటే ఎవరిదో చేతిరాత నోట్సు. దాని జెరాక్స్‌కి జెరాక్స్, దానికి మళ్ళీ జెరాక్స్, స్పైరల్ బైండింగు. ఎడమ పక్క మొదటి రెండక్షరాలు ఎప్పుడూ ఎగిరిపోయి ఉండేవి. వాటిని ఊహించుకుని చదవాలి. అంత గుండ్రటి అక్షరాలు ఎవరివో మాకెవరికీ తెలియదు. ఆ అమ్మాయో అబ్బాయో అప్పటికే అమెరికా వెళ్ళిపోయి ఉంటారని మా నమ్మకం.

నాది ఒరాకిల్ కోర్సు, అంటే సమాచారాన్ని పట్టికల్లో దాచే డేటాబేస్ సాఫ్ట్‌వేర్. మొట్టమొదట నేర్పింది లాగిన్. యూజర్ పేరు స్కాట్, పాస్‌వర్డ్ టైగర్. ఒరాకిల్ తొలినాళ్ళ ఉద్యోగుల్లో బ్రూస్ స్కాట్ అని ఒకాయన ఉండేవాడని, టైగర్ వాళ్ళింట్లో పిల్లి పేరని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. లోపలికి వెళ్తే ఈఎమ్‌పీ అని ఒక టేబుల్. పద్నాలుగు మంది ఉద్యోగులు. నాలుగు డిపార్ట్‌మెంట్లు న్యూయార్క్, డాలస్, షికాగో, బోస్టన్‌లలో. బోస్టన్‌లో ఆపరేషన్స్ అని డిపార్ట్‌మెంట్ ఉంది కానీ అందులో పనిచేసేవాడు ఒక్కడూ లేడు. స్మిత్ జీతం 800, కింగ్ జీతం 5000. మా తరం డేటాబేస్ వాళ్ళెవర్నైనా నిద్రలేపి అడగండి, చుట్టాల పుట్టినరోజులు చెప్పలేకపోవచ్చు, స్మిత్ జీతం చెప్తారు.

*

నేను ఇంటర్వ్యూకి వెళ్ళింది బేగంపేటలో సార్ నడిపే ఒక చిన్న కంపెనీకి. ఆసుపత్రులకీ చిట్‌ఫండ్ కంపెనీలకీ సాఫ్ట్‌వేర్ రాసేది. మాదాపూర్‌లో సైబర్ టవర్స్ 1998లోనే తెరిచారు కానీ, మాలాంటి వాళ్ళం ఆదివారాలు బస్సెక్కి వెళ్ళి దాన్ని బయటినుంచి చూసి రావడమే. ఉద్యోగాలు ఇలాంటి మూడంతస్తుల మేడల్లోనే దొరికేవి.

సార్ నా మార్కుల లిస్టు చూడలేదు. ఊరు అడిగారు, ఏం తిని వచ్చావని అడిగారు. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు కాగితం ఒకటి, అంచుల్లో చిల్లులున్నది, నా ముందుకి తోశారు. చూస్తే ఈఎమ్‌పీ టేబులే. ప్రాణం లేచొచ్చింది.

"ఇందులో తన కింద ఎవరూ పనిచెయ్యని వాళ్ళ పేర్లు కావాలమ్మా. రాయి."

ఇంతేనా అనుకున్నాను. మేనేజరు కాలమ్‌లో ఎవరి నంబరు లేదో వాళ్ళే కదా. 'నాట్ ఇన్' పెట్టి రెండు లైన్లలో రాసిచ్చాను. ఆయన కీబోర్డు నా వైపు తిప్పి "కొట్టు" అన్నారు. కొట్టాను.

నో రోస్ సెలెక్టెడ్.

కాగితం మీద వేలు పెట్టి లెక్కపెట్టాను. ఎనిమిది మంది ఉన్నారు. మిషనేమో ఒక్కరూ లేరంటోంది. మళ్ళీ కొట్టాను. అదే జవాబు.

"ఎందుకట?"

చెమటలు పట్టాయి. ఏదో ఒకటి చెప్పెయ్యమని హాస్టల్లో అందరూ నూరిపోసి పంపారు. నోరు తెరిస్తే మాత్రం "తెలియదు సార్" అనే వచ్చింది.

"సరే. నేను టీ తాగొస్తా. ఈలోపు చూస్తూ ఉండు."

ఆయన పావుగంటకి వచ్చేసరికి నా వేలు కింగ్ పేరు మీద ఉంది. పద్నాలుగు మందిలో ఆయనొక్కడికే మేనేజరు నంబరు లేదు. ప్రెసిడెంటు కదా. "ఇక్కడ ఏమీ లేదు సార్" అన్నాను.

"ఏమీ లేదా, తెలియదా?"

నేను మాట్లాడలేదు. అప్పుడు చెప్పారు. "నల్ అంటే సున్నా కాదమ్మా. తెలియదు అని. స్మిత్ నంబరు ఈ లిస్టులో లేదు కదా అని నువ్వడిగావు. మిషన్ ఒక్కో నంబరూ పోల్చుకుంటూ వచ్చి ఈ నల్ దగ్గర ఆగిపోతుంది. అది స్మిత్ నంబరో కాదో దానికి తెలియదు. లేదని ఖాయంగా చెప్పలేదు కాబట్టి స్మిత్‌ని చూపించదు. మిగతావాళ్ళకీ అంతే. ఒక్క తెలియదు ఎనిమిది మందినీ మింగేసింది."

కాగితం తిప్పి కమీషన్ కాలమ్ చూపించారు. నలుగురికే అంకెలున్నాయి. టర్నర్‌కి సున్నా. అమ్మాడు, కమీషన్ రాలేదు. కింగ్‌కి నల్. ఆయనకి కమీషన్ అనే మాటే లేదు. సగటు తీయమంటే మిషన్ 2200ని నాలుగుతో భాగించి 550 అంటుంది. పద్నాలుగుతో భాగిస్తే 157. "ఈ రెండింటిలో ఏది రైటు?" అడిగారు. అడిగేవాడికి ఏం కావాలో తెలిస్తే కదా సార్ అన్నాను. అదేదో తెలివైన జవాబని కాదు, నిజంగా నాకు తోచలేదు.

సోమవారం నుంచి రమ్మన్నారు. జీతం నాలుగు వేల ఐదొందలు. కింగ్ కన్నా ఐదొందలు తక్కువ అని హాస్టల్లో అందరికీ చెప్పుకున్నాను.

*

సర్వర్ రూమంటే పది అడుగుల గది. చెప్పులు బయట. లోపల రెండు ఏసీలు వంతులవారీగా నడిచేవి. మే నెలలో కూడా అక్కడ నాకో స్వెట్టరు ఉండేది. కరెంటు పోతే యూపీఎస్ కీచుమని అరిచేది. జనరేటర్ అందుకునే దాకా మా గుండెలు అలాగే అరిచేవి. సర్వర్ నెత్తిన వెంకటేశ్వరస్వామి స్టిక్కరు. దసరాకి దానికి బొట్టు పెట్టి దండ వేసేవాళ్ళం. కొబ్బరికాయ మాత్రం గది బయట కొట్టాలని సార్ ఆర్డరు. "దేవుడికి అభ్యంతరం ఉండదు, మదర్‌బోర్డుకి ఉంటుంది" అనేవారు.

రాత్రి పదకొండుకి బ్యాకప్. టేబుల్‌స్పేస్‌లని (డేటా దాచే భాగాలవి) ఒక్కొక్కటిగా బ్యాకప్ మోడ్‌లో పెట్టి, ఫైళ్ళు కాపీ చేసి, టేపు మీదకి ఎక్కించడం. డ్యాట్ టేపు అరచేతిలో ఇమిడిపోయేది. డ్రైవులో పెడితే ముందు గుర్రుమనేది, తర్వాత సన్నగా ఈల వేస్తున్నట్టు తిరిగేది. ఆ చప్పుడు మారితే నిద్రలో కూడా మెలకువ వచ్చేది. వాటి మీద స్కెచ్ పెన్నుతో సో, మం, బు, గు, శు అని తెలుగులో రాసుకునేవాళ్ళం. శుక్రవారం టేపుని సార్ టిఫిన్ క్యారియర్ సంచిలో పెట్టుకుని ఇంటికి పట్టుకెళ్ళి, బీరువాలో వెండి సామాన్ల పక్కన పెట్టేవారు. ఆఫీసు తగలబడినా డేటా ఉండాలని. పెద్ద కంపెనీలు దాన్ని ఆఫ్‌సైట్ బ్యాకప్ అంటాయని తర్వాత తెలిసింది. మాకది సార్ వాళ్ళ బీరువా.

ఆ బీరువానే నన్ను కాపాడింది.

ఒక గురువారం మధ్యాహ్నం. నా తెర మీద రెండు కిటికీలు, ఒకటి టెస్టు, ఒకటి అసలు. రెండూ నల్లగా, రెండింటిలోనూ కమాండ్ కొట్టే చోట కనబడే ప్రాంప్టు ఒకటే. టెస్టులో రసీదుల టేబుల్ ఖాళీ చెయ్యాలి. ట్రంకేట్ కొట్టాను. ఒక్క క్షణం ఆగి, అయిపోయింది. అసలైతే టెస్టులో అంత డేటా లేదు కదా, మరి ఒక్క క్షణం ఆగిందేమిటి అని చూసుకుంటే, అది టెస్టు కాదు. ఒక చిట్‌ఫండ్ కంపెనీ వాయిదాల రసీదులన్నీ పోయాయి. డిలీట్ అయితే ఖాయం చేసేలోపు రోల్‌బ్యాక్ అని వెనక్కి తెచ్చుకోవచ్చు. ట్రంకేట్‌కి ఆ దారి లేదు.

సార్ ఆ రోజు అల్వాల్‌లో చుట్టాల గృహప్రవేశానికి వెళ్ళారు. ల్యాండ్‌లైన్‌కి ఫోన్ చేసి, ఏడుస్తూనే అంతా చెప్పాను. వెనక సన్నాయి వినబడుతోంది. "ఎవర్నీ ఏదీ ముట్టుకోనివ్వకు. నువ్వు అది కొట్టిన టైమెంతో కాగితం మీద రాసి పెట్టు. వస్తున్నా" అన్నారు. నలభై నిమిషాల్లో కింద చేతక్ చప్పుడు.

బుధవారం టేపు పెడితే చదవలేదు. మంగళవారంది చదవలేదు. సోమవారంది కూడా. డ్రైవు హెడ్డు ఆ వారం మొదటి నుంచీ మసి పట్టి ఉందట. క్లీనింగ్ క్యాసెట్ వెయ్యాల్సింది కూడా నేనే, అది వేరే సంగతి. పచ్చిగా చెప్పాలంటే మేం మూడు రోజులుగా ప్రతి రాత్రీ భక్తిగా చెత్త రాస్తున్నాం. చివరికి ఆఫీసు కుర్రాణ్ణి సార్ వాళ్ళింటికి పంపి, కిందటి శుక్రవారం టేపు తెప్పించి, వేరే మిషన్ మీద ఎక్కించి, ఆరు రోజుల ఆర్కైవ్ లాగులు, అంటే జరిగిన ప్రతి మార్పూ నమోదైన ఫైళ్ళు, ఒక్కొక్కటే దాని మీద నడిపించాం. నేను రాసిపెట్టిన టైముకి ఒక్క నిమిషం ముందు ఆపి, ఆ ఒక్క టేబుల్ని ఎక్స్‌పోర్ట్ చేసి తెచ్చుకునేసరికి తెల్లారింది. సార్ వెళ్ళి ఇడ్లీలు పట్టుకొచ్చారు. తిడతారని నాలుగు రోజులు ఎదురుచూశాను. తిట్టలేదు. అసలు సర్వర్లో ప్రాంప్టుని 'ప్రాడ్' అని మార్చి, ఆ కిటికీకి ఎర్ర రంగు వేశారు. ఆ తర్వాత నెలకోసారి టేపు తీసి చదివి చూడటం మొదలైంది.

*

కంపెనీ పెరిగాక శనివారాలు వాకిన్ ఇంటర్వ్యూలు. సార్ పక్కన కుర్చీ వేసుకుని నేను కూర్చునేదాన్ని. మెట్ల మీద దాకా వరస. రెజ్యూమెలన్నిటికీ అదే జెరాక్స్ వాసన. ఒకసారి పదకొండు రెజ్యూమెల్లో ఒకే ప్రాజెక్టు, ఒకే క్లయింటు, 'రికవరీ' స్పెల్లింగులో ఒకే తప్పు. ఏ ఇన్‌స్టిట్యూట్‌లో వండారో వాసనతోనే చెప్పొచ్చు. మూడేళ్ళ అనుభవం అని రాసుకున్నవాడి మొహంలో నిన్న గాక మొన్న డిగ్రీ అయిన పసితనం. నాకు ఒళ్ళు మండేది. సార్ మాత్రం "ఊళ్ళో అప్పు చేసి వచ్చుంటాడమ్మా, నువ్వు రాలేదా" అనేవారు. అలాగని తీసుకునేవారు కాదు.

రెండో పెద్ద జీతం ఎవరిది అనేది అందరూ బట్టీ పట్టి వచ్చే ప్రశ్న. డేటాబేస్‌ని అడిగే క్వెరీ గడగడా చెప్పేవాళ్ళు. సార్ ఈఎమ్‌పీ కాగితం ముందు పెట్టి, "పేరు చెప్పు" అనేవారు. స్కాట్ అని ఒకడు, ఫోర్డ్ అని ఇంకొకడు. ఇద్దరికీ 3000. "మరి రెండోవాడు ఎవరు, మూడోవాడు ఎవరు?" అంటే అక్కడ తడబడేవాళ్ళు. ఆయనకి నచ్చేది ఆ తడబాటు తర్వాత వచ్చే మాట. మీరు మనిషిని అడుగుతున్నారా, జీతాన్ని అడుగుతున్నారా అని ఎదురు అడిగినవాణ్ణి అక్కడికక్కడే తీసుకున్నారు. కరీంనగర్ కుర్రాడు. ఇప్పటికీ నన్ను అక్కా అంటాడు.

ఇంకో ప్రశ్న ఉండేది. "మీరు పాడుచేసిందేదైనా చెప్పండి." ఒకతను టై సర్దుకుని, ఐదేళ్ళలో ఏదీ పాడుచెయ్యలేదు సార్ అన్నాడు. "అయితే మీ చేతికి ఎవరూ ఏదీ ఇవ్వలేదన్నమాట" అన్నారు సార్. నేను నా నోట్‌బుక్‌లోకి తల దించుకున్నాను, ఎర్ర కిటికీ గుర్తొచ్చి.

తర్వాత్తర్వాత ఫోన్ ఇంటర్వ్యూలు వచ్చాయి. ప్రశ్న అడగగానే అవతల పేజీలు తిప్పే చప్పుడు. ఒకసారి ప్రెజర్ కుక్కర్ మూడు విజిల్స్ వేసేదాకా జవాబు రాలేదు.

చెప్పుకోవడానికి ఇష్టం లేనిది ఒకటుంది. సార్ ఊళ్ళో లేని ఒక శనివారం నేనొక్కదాన్నే ప్యానెల్లో ఉన్నాను. ఒకావిడ వచ్చింది. నా వయసే. మధ్యలో ఆరేళ్ళు ఖాళీ, పిల్లలు, అత్తగారి అనారోగ్యం. కింద స్కూటర్ మీద భర్త, ముందు నిలబడ్డ పాప, కిటికీలోంచి నాకు కనబడుతున్నారు. ఆవిడ చివరిగా పనిచేసింది ఒరాకిల్ 8 మీద. అప్పటికి మేం 10జీ వెర్షన్లో ఉన్నాం. 9ఐలో కొత్తగా ఏం వచ్చాయని అడిగాను. "తెలియదండీ. నేర్చుకుంటాను" అంది. అన్‌డూ గురించి అడిగాను. "తెలియదండీ." నోట్లోంచి ఒక్క అబద్ధం రాలేదు. నేను షీట్ మీద రిజెక్ట్ అని రాశాను. టైమ్ లేదు, ప్రాజెక్టు మొదలవుతోంది, నేర్పేవాళ్ళెవరు, ఇలా కారణాలు చాలా ఉన్నాయి.

సోమవారం సార్ ఆ షీట్ చదివారు. "ఈవిడ తెలియదు అందా?" అని అడిగారు. అన్నాను, అంది సార్ అని. కాగితం మడిచి ఫైల్లో పెట్టేశారు. ఇంకేమీ అనలేదు. ఫోన్ చేద్దామని రెండు రోజుల తర్వాత నంబరు తీశాను. పక్కింటి వాళ్ళ నంబరు అది, పీపీ అని రాసి ఉంది. ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చెయ్యలేదు.

*

హాల్లో అరిటాకుల ముందు మేం ముగ్గురం పక్కపక్కన కూర్చున్నాం. నేను, కరీంనగర్ తమ్ముడు, నాతోపాటే చేరి ఇప్పుడు డాలస్‌లో ఉంటున్న నెల్లూరు అతను. వాళ్ళమ్మకి బాగాలేక వచ్చి ఉన్నాడు కాబట్టి కలిశాడు. సార్ భార్య ప్రతి ఆకు దగ్గరా ఆగి పలకరిస్తున్నారు. నా దగ్గరికొచ్చి, "బీరువాలో మీ క్యాసెట్లు రెండు ఇంకా ఉన్నాయమ్మా. తియ్యనివ్వలేదు ఆయన. నీకేమైనా పనికొస్తాయా?" అన్నారు. వాటిని చదివే డ్రైవు ఇప్పుడెక్కడుంది? అయినా వచ్చి తీసుకుంటానని చెప్పాను.

గారెలు వడ్డించేసరికి మాటలు మామూలుగానే ఇంటర్వ్యూల మీదకి వెళ్ళాయి. మా ముగ్గురి పనిలోనూ ఇప్పుడు సగం అదే.

"గిప్పుడు ఎవ్వడు తెల్వదు అంటలేడక్కా. అందరికి అన్ని తెలుసు" అన్నాడు తమ్ముడు. "నేనడుగుతనే ఉంట, వాని కళ్ళద్దాలల్ల జవాబు టైపయితుంటది."

"వాడేం చేస్తాడు? హెచ్చార్ షీట్‌లో ప్రతిదానికీ ఒకటి నుంచి ఐదు దాకా మార్కులే. తెలియదు అనేదానికి గడి ఏదీ?" నెల్లూరు అతను.

"నల్ పెట్టు" అన్నాను.

"పెడితే సబ్‌మిట్ కాదు. మాండేటరీ."

బ్యాకప్ గురించి ఇప్పుడెవరూ అడగడం లేదని, అంతా క్లౌడ్ వాడు చూసుకుంటాడని అనుకుంటున్నారని వాళ్ళిద్దరూ కాసేపు వాదించుకున్నారు. నాకు ఆసక్తి లేకపోయింది. పరమాన్నం వచ్చింది. ఆకు పక్కన వేలితో నీటి చుక్కలు పెడుతూ తమ్ముడు హఠాత్తుగా, "అక్కా, పద్నాలుగు మందిని చెప్పు సూద్దాం" అన్నాడు.

మొదలుపెట్టాం. స్మిత్, అలెన్, వార్డ్, జోన్స్. మార్టిన్, బ్లేక్, క్లార్క్. స్కాట్, కింగ్, టర్నర్. జేమ్స్, ఫోర్డ్, మిల్లర్. పదమూడు. ఎన్నిసార్లు లెక్కపెట్టినా పదమూడే. వెనక వరసలో ఎవరో మా వంక వింతగా చూశారు. ఫోన్ తియ్యబోయిన తమ్ముడి చెయ్యి నెల్లూరు అతను పట్టుకున్నాడు. చూడకూడదు, గుర్తుకు రావాలి అన్నాడు. రాలేదు. చేతులు కడుక్కుని, సార్ ఫొటో దగ్గర పువ్వులు పెట్టి, ఎవరి దారిన వాళ్ళం బయల్దేరాం.

తిరిగి వచ్చేటప్పుడు ఎస్సార్ నగర్‌లోనే ఎక్కాను. ఈఎస్ఐ, ఎర్రగడ్డ. భరత్‌నగర్ దాటుతుండగా తట్టింది. ఫోన్ తీసి ముగ్గురం ఉన్న గ్రూపులో కొట్టాను. "ఆడమ్స్. 7876. క్లర్క్. జీతం 1100. రీసెర్చ్ డిపార్ట్‌మెంట్, మీ డాలస్ వాడే."

"ఛీ, మా ఊరివాణ్ణే మర్చిపోయానా" అని నెల్లూరు అతను.

"ఆయన మేనేజరు ఎవరక్కా?" తమ్ముడు.

"స్కాట్" అని పంపాను. జవాబుగా పులి బొమ్మ పెట్టాడు.